మా సంచులు నిద్రపోయిన రూములు

అనంతపురం లాడ్జీల్లో మా కుటుంబం చాలాసార్లు రూము తీసుకుంది. అయితే ఆ మంచాల మీద మేమెవరమూ నడుం వాల్చిన పాపాన పోలేదు. నిద్రపోయినవన్నీ మా సంచులే. ఒక గోనెసంచి, జిప్పు ఊడిపోయిన ఒక ఎయిర్ బ్యాగు, బట్టల కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చిన గుడ్డ సంచులు, అన్నీ డబుల్ కాట్ మీద ఫ్యాను గాలికి హాయిగా పడుకునేవి. మేము మాత్రం ఊళ్ళో ఎండన పడి తిరిగేవాళ్ళం.

ఇదంతా మా నాయన లెక్క. మా ఊరు నల్లమాడ దాటాక వస్తుంది. నా కంటి అద్దాలకైనా, భూమి తగాదాకైనా, అమ్మ నడుము నొప్పికైనా అనంతపురం పోవాల్సిందే. పగలు బయల్దేరితే ఆ రోజు చేనిపని పోతుందని నాయన మమ్మల్ని ఎప్పుడూ చివరి బస్సే ఎక్కించేవాడు. ఆ బస్సు దారిలో చెయ్యెత్తిన ప్రతి మనిషినీ ఎక్కించుకుని, ప్రతి మనిషి మూటనూ టాపు మీదికి ఎక్కించుకుని, మధ్యలో ఒకసారి టైరు మార్చుకుని, అర్ధరాత్రి దాటాక మమ్మల్ని దింపేది. బస్టాండు ఎదురుగా వరసగా లాడ్జీలు ఉండేవి. నాయన వాటి బోర్డులన్నీ ఒకసారి చదివి, వాటికి వీపు తిప్పి, సిమెంటు బెంచీ వైపు నడిచేవాడు.

"ఇప్పుడు రూము తీసుకుంటే సగం రాత్రి అప్పుడే అయిపోయినాది. అయిపోయినదానికీ మనమే దుడ్లు ఇయ్యల్ల. మనం పండుకోని నిద్రకు మనమేటికి ఇయ్యల్ల?" అనేవాడు.

అలా తెల్లవారేదాకా బెంచీ మీద కూర్చునేవాళ్ళం. వెలుతురు రాగానే నాయన లేచి పంచె సర్దుకుని, ఇప్పుడు దినమంతా మనదే అన్న ధీమాతో పోయి రూము తీసుకునేవాడు. ముఖాలు కడుక్కుని, సంచుల్ని మంచం మీద పెట్టి, తాళం వేసి పనుల మీద పోయేవాళ్ళం. పోతూ పోతూ నేను ఫ్యాను ఆపబోతే ఊరుకునేవాడు కాదు.

"తిరగనీ పాపా. దుడ్లు ఇచ్చినాం" అనేవాడు.

సాయంత్రం తిరిగివచ్చి సంచుల్ని లేపి, రాత్రి బస్సుకు ఊరికి పోయేవాళ్ళం. రాత్రికి కూడా బాడిగ కట్టాం కదా, పడుకుని పొద్దున్నే పోదామంటే, రేపటి పని ఎవరు చేస్తారని అడిగేవాడు. అయిపోయిన సగం రాత్రికి డబ్బు ఇవ్వనని మొండికేసిన మనిషి, డబ్బు కట్టిన పూర్తి రాత్రిని మాత్రం లాడ్జీవాడికి ఊరికే వదిలేసి వచ్చేవాడు. ఈ లెక్కలో ఎక్కడో బొక్క ఉందని నాకు మూడో తరగతిలోనే అనుమానం వచ్చింది గానీ, అప్పటికి నాకు భాగహారం సరిగా రాదు.

అమ్మ ఈ లెక్కల జోలికి వచ్చేది కాదు. ఆమెకు కావలసింది ఒకటే, నిద్ర. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ ఆమె ఒక రాత్రి మొత్తంగా నిద్రపోవడం నేను చూడలేదు. నా చిన్నప్పుడు చేనికి కరెంటు రాత్రిపూట ఇచ్చేవాళ్ళు. ఏ వేళకు ఇస్తారో ఇచ్చేవాళ్ళకే తెలిసేది కాదు. కరెంటు వచ్చిందని ఎవరో ఒకరు వీధిలో కేకేసేవాళ్ళు. నాయన మోటారు వేయడానికి పరుగెత్తితే, అమ్మ చేలో నీళ్ళు మళ్ళించే మడవలు మార్చడానికి పార పట్టుకుని వెనకాలే పోయేది. కొన్నేళ్ళకు బోరు ఎండిపోయింది. పోనీ ఇకనైనా నిద్రపోతుందనుకుంటే, సరిగ్గా అప్పుడే ప్రభుత్వానికి మా మీద దయ పుట్టి ఇంటింటి ముందరా కొళాయిలు వేయించింది.

ఆ కొళాయిల్లో నీళ్ళు ఏ రోజు వస్తాయో, ఏ జామున వస్తాయో చెప్పగలిగిన జ్యోతిష్కుడు మా మండలంలో లేడు. అమ్మ దానికొక ఉపాయం కనిపెట్టింది. రాత్రి పడుకోబోయే ముందు కొళాయి తిప్పి ఉంచి, దాని కింద ఖాళీ స్టీలు బిందె పెట్టేది. బిందెలో మొదటి చుక్క టప్‌మని పడితే చాలు, ఆమె కళ్ళు తెరవకముందే కాళ్ళమీద ఉండేది. పిడుగు పడినా లేవకపోవచ్చు గానీ ఆ చుక్కకు లేవకుండా ఉండటం ఆమె వల్ల కాదు. ఆమెను చూసి వీధిలో మిగతావాళ్ళు కూడా అలాగే చేశారు. నీళ్ళొచ్చిన రాత్రి మా వీధిలో ఆడవాళ్ళందరూ ఒకేసారి లేచేవాళ్ళు, మగవాళ్ళందరూ ఒకేసారి అటు తిరిగి పడుకునేవాళ్ళు.

ఒకసారి అనంతపురం బస్టాండులో, నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు, నేను అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఉన్నాను. ఆమె ఎదుటి లాడ్జీల కిటికీల వైపు చూస్తూ ఉంది.

"ఆ రూముల్లో పండుకున్నోళ్ళని ఎవురూ లేపరేమో కదా" అంది.

"ఏల లేపుతారు, దుడ్లు ఇచ్చినాక" అన్నాడు నాయన.

"ఒగ్గ రాత్రి అట్ల పండుకోవల్ల నాకు. తలుపేసుకోని."

ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా ఆ మాట అంది. నాయన వినిపించుకోలేదు. నాకు మాత్రం ఏడుపు వచ్చినంత పనయింది. పెద్దయ్యాక అమ్మకు ఒక రాత్రి నిద్ర కొనిపెట్టాలని ఆ బెంచీ మీదే అనుకున్నాను. నా ఈడు పిల్లలు డాక్టరవుతామనీ కలెక్టరవుతామనీ అనుకుంటున్న రోజులవి. నాకు మాత్రం ఒక రూము తీసుకోగలిగితే చాలనిపించింది.

ఆ అవకాశం మూణ్ణాలుగేళ్ళ కిందట వచ్చింది. ఆడవాళ్ళకు బస్సు టికెట్టు ఇంకా ఉన్న రోజులవి. నేను పుట్టపర్తిలో ఒక ప్రైవేటు ఆఫీసులో ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది. మేము ముగ్గురమూ హైదరాబాదులో బంధువుల పెళ్ళికి పోయాం. నువ్వు లేకుంటే పెళ్ళే జరగదని వాళ్ళు అమ్మను బతిమాలి పిలిచారు. నిజంగానే జరిగేది కాదు, ఎందుకంటే ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేయడానికి ఇంకెవరూ లేరు. పెళ్ళి జరిగినన్ని రోజులూ అమ్మ వంటింటి పొయ్యి ముందే ఉంది. పెళ్ళికొడుకు ముఖం ఎలా ఉంటుందో ఆమెకు ఫోటోల్లో చూపించాల్సి వచ్చింది. తిరుగు ప్రయాణానికి ఆమె కళ్ళు మిరపకాయల్లా ఎర్రబడి ఉన్నాయి.

రాత్రి బయల్దేరి తెల్లవారేసరికి అనంతపురం చేర్చే పడక బస్సు ఉంది. దానికి టికెట్టు కొంచెం ఎక్కువ. శనివారం సాయంత్రమే బయల్దేరి, నడిరాత్రి రెండింటికి దింపే బస్సు ఉంది. దానికి కొంచెం తక్కువ. నాయన ఏది ఎంచుకున్నాడో చెప్పనవసరం లేదు. నేను పోట్లాడి ఓడిపోయాను. మా ఊరి మీదుగా పోయే మొదటి బస్సు వేకువన గానీ ఉండదు. సరే, ఇదీ మంచిదే అనుకున్నాను. ఈసారి ఆ మధ్య గంటలకు రూము నేను తీసుకుంటాను, సిమెంటు బెంచీ మీద కావాలంటే నాయన ఒక్కడే కూర్చుంటాడు.

నేను చదువుకున్నదాన్ని కాబట్టి ఫోనులోనే బుక్ చేశాను. ఏ తేదీకి చేయాలి? శనివారం బయల్దేరినా చేరేది పన్నెండు దాటాక, అంటే ఆదివారం. కాబట్టి ఆదివారానికి చేసి డబ్బు మొత్తం కట్టేశాను. ఫోనులో రూము ఫోటో అమ్మకు చూపించాను. తెల్ల దుప్పటి, రెండు దిండ్లు, దుప్పటి మీద హంసలా మడిచిపెట్టిన తువ్వాలు.

"దీంట్లో ఇంగెవురన్నా ఉంటారా?" అంది.

"ఎవరూ ఉండరమ్మా. మనమే."

అమ్మ ఆ ఫోటోను కాసేపు చూసి, ఆ తువ్వాలును మళ్ళీ ఎవరు మడుస్తారని అడిగింది.

రెండు గంటలకు లాడ్జి మెట్లెక్కాం. బస్టాండు దగ్గరే, కొత్తగా కట్టింది. గోడ మీద మూడు గడియారాలు ఉన్నాయి. ఒకటి మన దేశం టైము, ఒకటి లండన్ టైము, మూడోది ఆగిపోయింది. కింద కుర్చీలో తెల్ల టోపీ పెట్టుకున్న సాయిబు పెద్దాయన, ఆయనే మేనేజరు, కాళ్ళు ముడుచుకుని నిద్రపోతున్నాడు. అనంతపురంలో ఆ వేళకు నిద్రపోతున్న మనుషులందరి మీదా నాకు అసూయగా ఉంది. గంట కొట్టాను. ఆయన లేచి, కళ్ళజోడు పెట్టుకుని, నా ఫోను చూశాడు.

"ఇది ఈ పొద్దుటిదమ్మా" అన్నాడు.

"అవును, ఈ పొద్దే కదా. ఆదివారం."

"ఈ పొద్దు అంటే మధ్యాహ్నం పన్నెండు నుంచి. ఇప్పుడు జరుగుతాండేది నిన్నటిది."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నేను డబ్బు కట్టిన రూము మధ్యాహ్నం పన్నెండుకు మొదలవుతుంది. ఆ వేళకు మేము ఊళ్ళో గేదెకు గడ్డి వేస్తూ ఉంటాం. ఇప్పుడు, ఈ నిమిషాన కావలసిన రూము శనివారంది. దానికి నేను డబ్బు కట్టలేదు. ఫోను ప్రకారం దినం అర్ధరాత్రి మొదలవుతుంది, లాడ్జి ప్రకారం మధ్యాహ్నం మొదలవుతుంది, మా నాయన ప్రకారం తెల్లవారితే మొదలవుతుంది. ఈ మూడింటి మధ్య మా అమ్మ నిలబడి ఉంది.

నాయన ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్ళ తన సిద్ధాంతం కళ్ళముందు రుజువయ్యేసరికి ఆయనకు ప్రయాణపు బడలికంతా ఎగిరిపోయింది. రాత్రిపూట రూము తీసుకుంటే ఏమవుతుందో చూడు అన్నట్టు నావైపు ఒక చూపు చూశాడు. మరుక్షణం ఆయనకు ఆ డబ్బు మా ఇంటిదేనని గుర్తొచ్చింది. అంతే, పంచె ఎగ్గట్టుకుని నా తరఫున దిగాడు.

"ఏం భాయ్, ట్రాక్టరు పిలిస్తే గంట లెక్క. బోరు వేపిస్తే అడుగు లెక్క. కూలోళ్ళు వస్తే పూట లెక్క. మీ రూమొగటే దినం లెక్కా? మేము వేకువకు పోతాం. ఉన్నంత సేపుటికి తీసుకో."

"అన్నా, నువ్వు కొంచేపు పండుకున్నా దుప్పటి మొత్తం ఉతకల్ల. సగం దుప్పటి ఉతికే దోబీ యాడన్నా ఉంటే చెప్పు."

"మా దుప్పట్లు మాకుండాయి. మీది మడిచి పక్కన పెట్టుకో."

"నీళ్ళో? ట్యాంకరు నీళ్ళన్నా అవి. దుడ్లు పెట్టి కొంటాండాం."

"నీళ్ళు మాకేటికి? ముఖం కడుక్కోనేకి ఒగ చెంబు చాలు."

ఈ మాట నాయన ఎంతో నమ్మకంగా అన్నాడు. మేనేజరు కూడా నమ్మినట్టే కనిపించాడు. ఇద్దరూ ఒకరికొకరు బాగా దొరికారు. ఒక మాటకు ఒక మాట, ఇద్దరికీ నిద్ర వదిలిపోయి ఉత్సాహం వచ్చింది. అమ్మ సోఫా మీది తెల్లగుడ్డ మాస్తుందని దాని అంచున మాత్రమే కూర్చుని, మెడ వాలిపోతుంటే మళ్ళీ నిలబెట్టుకుంటూ ఉంది. ఈ మగవాళ్ళు తెల్లవారేదాకా ఇలాగే వాదించుకుని, చివరికి రూము అవసరం లేకుండా చేస్తారని నాకు అర్థమైంది. ఒళ్ళు మండిపోయింది.

"ఎంతివ్వాలో చెప్పండి. ఇచ్చేస్తాను" అన్నాను.

మేనేజరు నావైపు, తర్వాత అమ్మవైపు చూశాడు. "నువ్వు ఈ పొద్దుటికి కట్టినావు కాబట్టి, ఈ రాత్రికి సగం ఇయ్యమ్మా. రేపు మధ్యాహ్నం దాకా రూము మీదే" అన్నాడు.

రేపు మధ్యాహ్నం దాకా అన్న మాట నాయన చెవిలో పడింది. ఆయన పెదాలు కదులుతున్నాయి. అన్ని గంటలు రూములో ఉంటే గంటకు ఎంత పడుతుందో లెక్క వేస్తున్నాడు.

"ఉండిపోదామా మే? రేపు పోవచ్చు" అన్నాడు అమ్మతో.

"ఎనుముకు గడ్డి ఎవురేస్తారు? పక్కింటోళ్ళకు నిన్నటి దాకానే చెప్పొచ్చినా." అంది అమ్మ, కళ్ళు మూసుకునే.

నేను సగం బాడిగ కట్టాను. మేనేజరు ముగ్గురి ఆధార్ కార్డులూ జిరాక్సు తీయాలన్నాడు. జిరాక్సు మిషను వేడెక్కాలన్నాడు. అది వేడెక్కి, మా నాయన ముఖాన్ని నల్లటి మచ్చగా అచ్చువేసి బయటికి పంపేసరికి ఇంకొంచెం రాత్రి కరిగిపోయింది.

ఎట్టకేలకు రూములోకి వచ్చాం. ఫోటోలో ఉన్న హంస లేదు గానీ తెల్ల దుప్పటి ఉంది. అమ్మ దాన్ని చేత్తో తడిమి, మాస్తుందని తన పాత చీర దాని మీద పరుచుకుంది. తలుపు గడియ పడిందో లేదో ఒకసారి లాగి చూసింది. పడుకుంది. నేను లైటు ఆపి పక్కన చేరేలోపే ఆమె ఊపిరి మారింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. పదిహేనేళ్ళుగా మోస్తున్న బరువేదో దించినట్టనిపించింది. నాయన మాత్రం పడుకోలేదు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఒకటిన్నర దినం బాడిగను మేము ఉండబోయే గంటలతో భాగిస్తున్నాడు. లోపల అనుకోవడం చేతకాక పైకే గొణుగుతున్నాడు. నోరు మూసుకోమని సైగ చేశాను.

అప్పుడు బాత్రూములో కొళాయి నుంచి ఒక చుక్క ఖాళీ బకెట్టులో పడింది. టప్.

అమ్మ లేచి నిలబడింది.

"నీళ్ళొచ్చినాయి" అంది. చీకట్లో బిందె కోసం చేతులు చాపి వెతుకుతోంది.

"అమ్మా, ఇది లాడ్జి. పండుకో" అన్నాను. వినే స్థితిలో లేదు. బాత్రూములోకి పోయి కొళాయి తిప్పింది. నీళ్ళు ధారగా దూకాయి. రెండో కొళాయి తిప్పింది. వేడినీళ్ళు వచ్చాయి. ఆమె రెండింటి కిందా చెరో చెయ్యి పెట్టి నిలబడిపోయింది. అప్పటికి పూర్తిగా మెలకువ వచ్చింది.

"ఎంతసేపు వస్తాయి?" అంది.

"ఆగిపోవమ్మా. ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. పొద్దున చూసుకోవచ్చు, రా."

ఆమెను మళ్ళీ పడుకోబెట్టడానికే ఆ మాట అన్నాను. మా ఊరి ఆడమనిషితో, నీళ్ళు ఆగిపోవు, నువ్వు పడుకో అని చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళంత తెలివితక్కువవాళ్ళు ఉండరు. అమ్మ కొంగు నడుముకు చుట్టింది. ముందు తలంటుకుని స్నానం చేసింది. తర్వాత పెళ్ళి బట్టలన్నీ తీసింది. ఓళిగల నెయ్యి మరకలున్న చీరలు, నాయన పంచెలు, నా చుడీదార్లు, అన్నీ ఉతికింది. బట్టలయ్యాక సంచుల్ని దులిపి వాటినీ ఉతికింది. గోనెసంచి ఉతికినప్పుడు వచ్చిన మట్టితో ఒక చిన్న మడి కట్టవచ్చు. ఆ తర్వాత బాత్రూము గోడలు కడిగింది. ఖాళీ బాటిళ్ళన్నీ నింపింది. టిఫిను డబ్బా కూడా నింపి మూత పెట్టింది.

నేను బాత్రూము తలుపు దగ్గర నిలబడి బతిమాలుతూనే ఉన్నాను. "చాలమ్మా. నువ్వు నిద్రపోతావనే కదా రూము తీసుకున్నాను."

"ఒగటిన్నర బాడిగ కట్టినావు పాపా" అంది, పంచె పిండుతూ. "పండుకుంటే ఎట్ల వసూలవుతాది?"

నాయన జబ్బు ఆమెకు అంటుకుందని అప్పుడే తెలిసింది. ఆయన కుర్చీలోంచి చూస్తూ, "మీ అమ్మ చూడు, ఎట్ల వసూలు చేస్తాందో" అని మురిసిపోయాడు. ఆ క్షణాన ఆయన మీద ఎంత కోపం వచ్చిందంటే, నిండిన బకెట్టు నెత్తిన కుమ్మరిద్దామనిపించింది.

తలుపు తట్టిన చప్పుడైతే గడియ తీశాను. మేనేజరు మెట్లెక్కి వగరుస్తూ వచ్చాడు.

"కొళాయి మరిసినారేమమ్మా? పైన ట్యాంకు అయిపోతాండాది."

తలుపు తెరిచి ఉండటంతో ఆయనకు లోపలంతా కనిపించింది. కుర్చీ మీద చీర, కర్టెను కమ్మీ మీద చీర, టీవీ మీద పంచె, ఏసీ మీద సంచులు. మిగిలిన బట్టలన్నీ ఫ్యాను గాలికి డబుల్ కాట్ నిండా పరిచి ఉన్నాయి. ఒక చెంబు నీళ్ళు చాలన్న నాయన కోసం మేనేజరు వెతికాడు. నాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"అమ్మా, మీరు కట్టింది రూము బాడిగ. చెరువు బాడిగ కాదు" అన్నాడు మేనేజరు.

"అయిపోయినాది నాయనా. ఈ ఒగ్గ టవల జాడిస్తే అయిపోతాది" అంది అమ్మ, తప్పు చేసినదానిలా.

ఆయన వరసగా నిలబెట్టిన బాటిళ్ళ వైపు చూశాడు. "మాది గార్లదిన్నె తట్టులే" అన్నాడు. "మా ఇంటామెను గూడా ఒగసారి ఈడ పండుకోబెట్టినా, సుకంగా ఉంటాదని. తెల్లారేసరికి కర్టెన్లు గూడా ఉతికి పెట్టింది." ఇంకేమీ అనకుండా ట్యాంకు నింపే మోటారు వేయడానికి దిగిపోయాడు.

అమ్మ టవలు జాడించి ఆరేసి, చేతులు తుడుచుకుని మంచం దగ్గరికి వచ్చింది. పడుకోవడానికి చోటు లేదు. తడిబట్టలు తీసి ఎక్కడైనా పెడదామంటే, ఆరనీలే అంది. మంచం కోడుకు ఆనుకుని నేల మీద కూర్చుంది.

"కొంచేపన్నా కన్ను మూసుకో మే" అన్నాడు నాయన. మురిపెమంతా అప్పటికి పోయింది.

"ఇంగేముండాది, తెల్లారిపాయ" అంది అమ్మ.

నిజంగానే కిటికీ బయట బస్టాండు మైకు మొదలైంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. మెట్లు దిగుతూ నాయనను నిలదీశాను. "చూసినావు కదా నాయనా. ఇన్నేళ్ళ నీ లెక్కలతో ఆమెకు నిద్రపోయేది గూడా చేతకాకుండా చేసినావు. నేను కొనిచ్చినా నిద్రపోలేకుండా ఉండాది" అన్నాను. అంత మాట ఆయనను నేనెప్పుడూ అనలేదు. ఆయన తడిబట్టల మూట భుజాన వేసుకుని ముందు నడిచాడు.

నల్లమాడ మీదుగా కదిరి పోయే మొదటి బస్సు సిద్ధంగా ఉంది. మా ఊరికి మూడు టికెట్లు నాయనే తీసుకున్నాడు. అమ్మ కిటికీ పక్కన, నాయన మధ్యలో, నేను చివర కూర్చున్నాం. బస్సు రాప్తాడు చేరకముందే అమ్మ నిద్రపోయింది. మామూలు కునుకు కాదు, నోరు తెరుచుకుని, ఒళ్ళంతా వదిలేసి, నాయన భుజం మీద వాలిపోయింది. నాయన ఒళ్ళో తడిబట్టల మూట ఉంది. అందులోంచి నీళ్ళు కారి ఆయన పంచె తడిసిపోతోంది. సర్దుకోవాలంటే భుజం కదపాలి. ఆయన కదపలేదు.

ముందు సీట్లో ఒకడు ఫోనులో పాటలు పెద్దగా పెట్టుకున్నాడు. డబ్బు విషయంలో తప్ప ఎవరితోనూ గొడవ పడని నాయన, వాడి వీపు మీద వేలితో తట్టి ఆపించాడు. ఎండ అమ్మ ముఖం మీద పడుతుంటే చెయ్యి చాపి కిటికీకి తువ్వాలు అడ్డం పెట్టాడు. ఆ చెయ్యి నొప్పి పుట్టి ఉంటుంది. నేను పట్టుకుంటానంటే వద్దని తలూపాడు.

నల్లమాడ వచ్చింది, పోయింది. మా స్టాపు దగ్గర కండక్టరు ఊరి పేరు చెప్పి విజిలు వేశాడు. నేను సంచులు తీసుకుని లేచాను. నాయన లేవలేదు.

"నాయనా, మన ఊరు."

ఆయన కూర్చోమని చేత్తో సైగ చేశాడు. కండక్టరు దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, దిగల్యా? మీ టికెట్టు ఈడికే కదా."

"కదిరికి మూడు ఇయ్యి" అన్నాడు నాయన.

"కదిరిలో పనుండాదా?"

"మెల్లగా మాట్లాడప్పా. పండుకోనుండాది."

కండక్టరు అమ్మవైపు చూసి, గొంతు తగ్గించి టికెట్లు చించాడు. మా ఊరి వేపచెట్లు, మా చేను, ఆకలికి గుంజ దగ్గర అరుస్తూ ఉండే మా గేదె, అన్నీ వెనక్కి పోయాయి. నాయన వాటివైపు చూడలేదు.

కదిరి బస్టాండులో ఇంజను ఆగిన నిశ్శబ్దానికి అమ్మ కళ్ళు తెరిచింది. కాసేపు బయటికి చూసింది.

"ఇదేమిది? కదిరా?"

"నాకూ కునుకు పట్టింది మే" అన్నాడు నాయన.

"నువ్వేం చేస్తాంటివి?" అంది నాతో.

"నేనూ పండుకున్నా" అన్నాను.

ఇక మొదలుపెట్టింది. ఇద్దరు మొద్దుల్ని వెంటబెట్టుకుని వచ్చాను, కళ్ళు ఎందుకున్నాయి మీకు, వచ్చేదానికి మూడు టికెట్లు, పొయ్యేదానికి మూడు టికెట్లు, అక్కడ గేదె అరుస్తూ ఉంటుంది, ఇంత దండగ చేసే మనిషితో ఎట్లా సంసారం చేయాలి అని తిరుగు బస్సు ఎక్కి మా ఊరు వచ్చేదాకా నాయనను తిట్టింది. నాయన రాత్రంతా రెప్ప వేయని కళ్ళతో, తడిసిన పంచెతో, తలవంచుకుని కూర్చున్నాడు. అమ్మ గొంతు ఖంగుమంటోంది, కడుపునిండా నిద్రపోయి లేచిన మనిషి గొంతులా.